టెస్టింగు టేపు

ఫహాహీల్‌లో చేపల మార్కెట్ వెనక సందు.
మా కొట్టులో ఏ టేప్‌రికార్డరు విప్పి బిగించినా
మొదట పాడేది ఆమే.

రిఫైనరీలో పనిచేసే కొరియా ఇంజినీరొకాయన,
చో అనేవాళ్లం, రసీదు మీద కూడా పేరు సరిగ్గా పడలేదు,
తొంభై ఆరులో సెట్టు ఇచ్చిపోయాడు బాగు చెయ్యమని.
బాగైంది. ఆయన రాలేదు.
ఆర్నెల్లు చూసి మా ముదీరు సెట్టు అమ్మేశాడు.
లోపలి క్యాసెట్టు మాత్రం
స్క్రూల డబ్బాలో నాకు మిగిలింది.

అట్ట మీద పిల్లకు ఇరవై ఏళ్లుంటాయేమో.
భుజాలకు దిండ్లు కుట్టిన కోటు,
అందులో ఆమె అద్దెకు దిగినట్టుంది.
ఒక్క చెవికే పోగు.
వెనక పొగ, మన పెళ్లి వీడియోల్లో వదిలే లాంటిది.
ఇది ఆమె మొదటి ఆల్బమని ఎవరూ చెప్పలేదు,
ఆ బెదురు చూపే చెప్పింది.

పుల్లంపేట ఓబులేసు పేరు పెట్టాడు: కొరియా కోమలి.
"కోమలిని పిలువన్నా" అన్నాడంటే
సోల్డరింగు అయిపోయిందని.

మొదటి పాటకు ముందు వాన.
నిజం వాన కాదు, ఇసుకను చేటలో చెరిగిన చప్పుడు.
ఆ వానలో ఆమె నాలుగు మాటలేవో అంటుంది.
తర్వాత డ్రమ్ము, మనిషి కొట్టింది కాదు,
రేకు మీద శనగలు పోసినట్టు మిషను కొట్టింది.
మూడో పాట నడుమ ఒక మగపిల్లోడు దూరి
ఎక్కాలు మరిచిపోతానేమోనన్న తొందరలో
ఏదో అప్పజెప్పి పోతాడు.
ఏ పాటకూ ముగింపు లేదు,
బస్సెక్కినోళ్ల మాటల్లా సన్నగిల్లడమే.

రెండో పక్క, రెండో పాటలో
ఆమె గొంతు పైకి పోయే చోటొకటుంది.
అక్కడ వణికితే బెల్టు వదులు.
అక్కడ మసకైతే హెడ్డు మురికి: దూది, స్పిరిట్టు.
అక్కడ నిలబడితే
రసీదు రాయి, ముప్పావు దీనారు పుచ్చుకో.

మంగలి షాపు సెట్టు, ఎవరింట్లోనో ముసలమ్మ నేషనల్,
పెండ్లాల మాటలు క్యాసెట్లో తెప్పించుకుని వినే
రాయచోటి డ్రైవర్ల అరచెయ్యంత ప్లేయర్లు,
అన్నిటికీ తొలిపలుకు ఆమెదే.
చిన్న మస్తాను ఓసారి వచ్చి నసిగాడు:
"మా ఆడమనిషి ఇంత గబగబా మాట్లాడదే, అన్నా!"
నవ్వి పంపేశాను.

పోయిన రంజాను తర్వాత ఘనీమా అనే పిల్ల వచ్చింది,
తాత టేప్‌రికార్డరు చంకన పెట్టుకుని.
మామూలుగానే కోమలిని పిలిచాను.
పిల్ల ఫోను పక్కన పడేసింది.
అట్ట లాక్కుని ఆ గుండ్రాలూ గీతలూ
కూడబలుక్కుని చదివింది: ఓక్ సే-రిన్.
పాతికేళ్లు దాటాక తెలిసింది, ఈమెకో పేరుందని.

"వానలో ఏమంటోంది?" అనడిగాను.
"చదవడమే వచ్చు ఉస్తాద్, అర్థం రాదు."
సరే, ఇద్దరం సరిసమానం.

"ఎంత పాత కాలం!" అని పకపకా నవ్వింది,
నవ్వుతూనే రేకు డ్రమ్ముకు భుజాలూపింది.
ఉన్నట్టుండి ఆగి,
"కానీ మీ దగ్గర ఈమె అలిసిపోయింది" అని
అదే పాట ఫోన్లో పెట్టింది.

పైకి పోయే చోటు వచ్చింది.
నేనెరిగిన చోటు దాటి ఇంకా పైకి పోయింది,
అర మెట్టు,
కొత్త చెప్పులేసుకున్న పిల్ల నడకలా చురుగ్గా.

టేపు సాగిందన్నమాట.
ఏటికేడు వెంట్రుకవాసి ఆమె దిగుతుంటే
సగం నా చెవి ఆమెతో పాటే దిగింది,
మిగతా సగం, తప్పు మిషన్లదనుకుని
మోటార్ల స్క్రూ తిప్పి వేగం పెంచాను.
పాపం మస్తాను.
ఎంతమంది ఆడవాళ్లు ఈ ఊళ్లో
నా చేతి మీదుగా రెండేళ్లు చిన్నవాళ్లై మాట్లాడారో.

ఐదు దీనార్లిస్తాను, క్యాసెట్టు ఇవ్వమంది.
స్క్రూడ్రైవరు అమ్ముకుంటారా ఎవరైనా?

పిల్ల పోయాక తాత సెట్టు ముందు కూర్చున్నాను.
ఫోను లెక్కన తిప్పాలా, ఈమె లెక్కనా?
స్క్రూ మీద వేలు అట్లాగే పెట్టి
మొదటి పక్క వేశాను.
చేటలో ఇసుక మొదలైంది.